మూడు కిలోల పిల్లి దగ్గర మొదలుపెట్టు

చెల్లెమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పశువైద్యంలో మత్తు ఇచ్చేటప్పుడు వాడే బ్రీతింగ్ సర్క్యూట్ల గురించి, అంటే యంత్రం నుంచి జంతువుకు గ్యాస్ చేర్చే గొట్టాల అమరికల గురించి, తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. కానీ మొదటి పేజీలోనే ఆ సర్క్యూట్లను అక్షరాలతో విడగొట్టే మేపుల్సన్ వర్గీకరణ పెట్టేశావు. ఏ, బీ, సీ, డీ అని వరసగా వచ్చేసరికి, నిన్నగాక మొన్న ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెట్టిన పిల్లలు పేజీ తిప్పేస్తారు. మేపుల్సన్ 1954లో ఆ అక్షరాలు పెట్టింది అప్పటికే వాడుకలో ఉన్న సర్క్యూట్లకు. వస్తువు ముందు, పేరు తర్వాత. నీ వ్యాసం కూడా ఆ వరసలోనే నడవాలి.

మూడు కిలోల పిల్లి దగ్గర మొదలుపెట్టు. అది ఒక్కసారి పీల్చేది 30 నుంచి 45 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. అంత చిన్న ఊపిరితో వాల్వులు తెరుచుకోవాలన్నా, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే సోడా లైమ్ డబ్బాలోంచి గాలి లాక్కోవాలన్నా దానికి కష్టం. అందుకే టీ-పీస్, అంటే T ఆకారంలో ఉండే గొట్టం. 1937లో ఫిలిప్ ఎయర్ దాన్ని చేసింది పసిపిల్లల కోసం, గ్రహణమొర్రి లాంటి ఆపరేషన్ల కోసం. అందులో వాల్వు ఒక్కటీ లేదు. 1950లో జాక్సన్ రీస్ దాని చివర సంచి తగిలించాడు. ఈ నాలుగు మాటలు చెబితే చాలు, చిన్న ప్రాణి ఊపిరికి అడ్డు ఎందుకు ఉండకూడదో చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఖర్చు సంగతికి రా. టీ-పీస్‌లోనూ, గొట్టంలో గొట్టం ఉండే బెయిన్ సర్క్యూట్‌లోనూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేది యంత్రం నుంచి వచ్చే తాజా గ్యాసే. కాబట్టి జంతువు నిమిషానికి పీల్చే గాలికి రెండు మూడు రెట్లు పంపాలి. పిల్లికైతే లీటరున్నరతో గడిచిపోతుంది. పాతిక కిలోల లాబ్రడార్‌ను బెయిన్ మీద పెడితే నిమిషానికి 10 లీటర్లు తక్కువ కాదు. తనంతట తాను ఊపిరి తీసుకుంటుంటే లాక్ అనే మరో సర్క్యూట్‌లో అందులో సగం సరిపోతుంది. వదిలిన గాలే చుట్టూ తిరిగి వచ్చే సర్కిల్‌లో అయితే మొదటి కొన్ని నిమిషాలు ఎక్కువగా ఇచ్చి, తర్వాత ఒక లీటరుకు తగ్గించవచ్చు. కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్ పట్టేసుకుంటుంది, మిగతా గాలి వెచ్చగా, తేమగా మళ్లీ కుక్కకే చేరుతుంది. మత్తు మందు ఐసోఫ్లూరేన్ సీసా ఎందులో ఎంత త్వరగా ఖాళీ అవుతుందో ఇక్కడే రాయి.

అలాగని ‘సర్కిలే ఉత్తమం’ అన్న నీ వాక్యం ఒప్పుకోను. ఫ్లో తక్కువ పెట్టినప్పుడు, మత్తు మందును ఆవిరి చేసే వేపరైజర్ తిప్పినా మత్తు లోతు మెల్లగా మారుతుంది. పని అయిపోయిన సోడా లైమ్ రంగు మారుతుంది కదా, రాత్రంతా ఊరికే ఉంచితే ఆ రంగు మళ్లీ వెనక్కి పోయి, పొద్దున చూసేవాళ్లను మోసం చేస్తుంది. ఏ జంతువుకో, ఎన్ని కిలోలో చెప్పకుండా ఏది మంచిదో రాయకు.

భాష గురించి ఒక్క మాట. ‘శ్వాస వలయం’, ‘నిష్కాసన కవాటం’ అని రాశావు. థియేటర్‌లో నువ్వు ఆ మాటలు అంటావా? సర్కిల్, పాప్-ఆఫ్ వాల్వ్, బ్యాగ్ అనే రాయి.

ఎక్కువైన గ్యాస్‌ను బయటికి వదిలే ఆ పాప్-ఆఫ్ వాల్వ్‌కు నువ్వు ఇచ్చింది అరవాక్యం, ‘తెరిచి ఉంచవలెను’ అని. ఉద్యోగంలో చేరిన కొత్తలో లీక్ టెస్ట్ కోసం దాన్ని మూశాను, తెరవడం మర్చిపోయాను. కుక్కను కలిపిన కాసేపటికి బ్యాగ్ బంతిలా బిగిసింది. ఛాతీ లేచింది గానీ దిగడం లేదు. పక్కనున్న అటెండర్ అరవకపోతే ఊపిరితిత్తులు దెబ్బతినేవి. కుక్క బతికింది. ఆ బ్యాగ్ మాత్రం ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది. అరవాక్యం తీసేసి దానికి ఒక పేజీ ఇవ్వు. మూస్తే ఏమవుతుందో, చెయ్యి ఎక్కడ ఉండాలో, కళ్లు ఎక్కడ ఉండాలో అన్నీ రాయి.

బెయిన్ లోపలి గొట్టం గురించి అసలేమీ లేదు. యంత్రం వైపు అది ఊడితే బయటి గొట్టమంతా డెడ్ స్పేస్ అయిపోతుంది, జంతువు తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. బయటినుంచి చూస్తే తేడా కనబడకపోవచ్చు. ఆక్సిజన్ వదిలి, జంతువు వైపున్న లోపలి గొట్టం కొసను సిరంజి ప్లంజర్‌తో ఒక్క క్షణం మూస్తే ఫ్లోమీటర్‌లో ఫ్లో ఎంతో చూపే బాబిన్ కిందికి జారాలి. జారకపోతే ఆ సర్క్యూట్ పక్కన పెట్టాలి. ఈ పరీక్ష నువ్వే నీ చేత్తో చేసి, బాబిన్ ఎంత జారిందో చూసి, ఆ రోజే రాసి పంపు.

నీ అన్నయ్య