క్యాపిటల్ ఎక్స్‌కి మినహాయింపు ఇవ్వొచ్చా?

మీ టీమ్‌లో పైథాన్ వేరియబుల్స్, ఫంక్షన్ల పేర్లన్నీ స్నేక్ కేస్‌లోనే (అన్నీ చిన్న అక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్) ఉండాలని రూల్. మెషీన్ లెర్నింగ్ కోడ్‌లో డేటా మాత్రికకు (మ్యాట్రిక్స్) క్యాపిటల్ ఎక్స్ అనే పేరు వాడితే రివ్యూలో ఆపేస్తున్నారు, మినహాయింపు అడగొచ్చా అని మీ ప్రశ్న.

తప్పకుండా అడగండి. రివ్యూలో నేను చూసేది ఒక్కటే: ఆ పేరు ఎవరు పెట్టింది? మనం పెట్టుకున్నదైతే రూల్ పాటించాల్సిందే. బయటి నుంచి వచ్చినదైతే మార్చే హక్కు మనకు లేదు. మాత్రికకు పెద్ద అక్షరం, వెక్టర్‌కు చిన్న అక్షరం రాయడం గణితంలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్‌లెర్న్‌లో ఫిట్ మెథడ్ పారామీటర్లు కూడా క్యాపిటల్ ఎక్స్, చిన్న వై. దాన్ని 'ఫీచర్ మ్యాట్రిక్స్' అని మార్చితే డాక్యుమెంటేషన్ పక్కన పెట్టుకుని చదివేవాళ్లకు తికమక తప్ప లాభం లేదు.

కొన్నిచోట్ల పేరు మార్చితే కోడే పనిచేయదు. మేము టెస్టుల కోసం పైథాన్‌తో వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ క్లాస్ వాడేవాళ్లం. అందులో మెథడ్ పేరు 'డూ', అండర్‌స్కోర్, తర్వాత క్యాపిటల్స్‌లో 'గెట్'. ఒక కొలీగ్ స్టైల్ సరిచేద్దామని దాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చారు. ప్రతి గెట్ రిక్వెస్ట్‌కీ 501 ఎర్రర్ (ఈ రకం రిక్వెస్ట్ సర్వర్‌కు తెలియదని అర్థం) రావడం మొదలైంది. ఆ క్లాస్ రిక్వెస్ట్‌లో వచ్చిన 'గెట్' లాంటి పదాన్ని 'డూ' అండర్‌స్కోర్ పక్కన ఉన్నదున్నట్టు తగిలించి మెథడ్‌ని వెతుకుతుంది, దొరక్కపోతే 501 పంపేస్తుంది. ఇక్కడ ఎర్రర్ అయినా కనిపించింది. పైథాన్ టెస్టింగ్ మాడ్యూల్ యూనిట్‌టెస్ట్‌లో, ప్రతి టెస్టుకు ముందు నడిచే సెటప్ మెథడ్ పేరులోని క్యాపిటల్ 'యు' తీసేస్తే ఆ మెథడ్ అసలు రన్నే కాదు, ఎవరూ చెప్పరు కూడా.

2001లో వచ్చిన పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 కూడా పాత కోడ్‌లో అప్పటికే వేరే స్టైల్ ఉంటే దాన్నే కొనసాగించమంటుంది.

బయటి నుంచి జేసన్ ఫార్మాట్‌లో వచ్చే డేటాలో క్యామెల్ కేస్ (అండర్‌స్కోర్ లేకుండా, రెండో పదం నుంచి మొదటి అక్షరం పెద్దది) పేర్లు వస్తే మాత్రం నేను లోపలికి రానివ్వను. డేటా అందుకున్న చోటే మార్చేయాలి, లేకపోతే ఆ పేర్లు నెమ్మదిగా కోడంతా పాకుతాయి. 'నాకు జావా అలవాటు' అన్న కారణానికీ ఒప్పుకోను.

ఒప్పుకున్న మినహాయింపుని లింటర్ (కోడ్ స్టైల్‌ని తనిఖీ చేసే టూల్) కాన్ఫిగ్‌లో రాసేయండి. రఫ్ అనే లింటర్‌లో, ఆర్గ్యుమెంట్ల, వేరియబుల్స్ పేర్లు చిన్న అక్షరాల్లో ఉండాలనే ఎన్803, ఎన్806 రూల్స్‌ని మోడల్ ఫైళ్లకు మాత్రమే ఆపొచ్చు. అప్పుడు ప్రతి రివ్యూలో ఇదే వాదన మళ్లీ పెట్టుకోనక్కర్లేదు.