సదరం ధ్రువపత్రం చూపిస్తే వీల్‌చెయిర్ మీద జీఎస్టీ తగ్గుతుందా?

తగ్గదు. అమ్మగారికి 70 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం చూపించినా వరంగల్ దుకాణదారు వినలేదనీ, వీల్‌చెయిర్, వినికిడి యంత్రం, హాస్పిటల్ మంచం మూడింటికీ కలిపి 18 శాతం పన్ను అడుగుతున్నాడనీ రాశారు. ధ్రువపత్రం విషయంలో ఆయన చెప్పింది సరైనదే. మూడింటికీ ఒకే రేటు వేయడం మాత్రం తప్పు.

నేను హనుమకొండలో చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే పనిలో ఉన్నాను. నాన్నగారికి పక్షవాతం వచ్చాక ఇవే వస్తువులు కొనుగోలుదారుగానూ కొన్నాను. కాబట్టి గల్లాపెట్టెకు రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ఈ పన్నుకు కొనేది ఎవరన్నది పట్టదు. వస్తువు ఏ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం వస్తువులను వర్గీకరించే సంఖ్య) కింద వస్తుందన్నదే లెక్క. వీల్‌చెయిర్ కోడ్ 8713, పన్ను 5 శాతం. మీరు కొన్నా, ఏ ఇబ్బందీ లేనివారు కొన్నా అంతే. ఊతకర్రలు, కృత్రిమ కాళ్లు, ఎముకలు విరిగినప్పుడు కట్టే పట్టీలు 9021 కిందికి వస్తాయి, వాటికీ 5 శాతమే. వినికిడి యంత్రానికి పన్ను అసలు లేదు, బిల్లులో సున్నా ఉండాలి. మంచం దగ్గర మాత్రం మీ దుకాణదారు చెప్పింది నిజం. హాస్పిటల్ మంచాన్ని చట్టం వైద్య పరికరంగా కాక ఫర్నిచర్‌గా చూస్తుంది. కోడ్ 9402, రేటు 18. మంచాన పడ్డ మనిషికి మంచం సహాయ పరికరం ఎందుకు కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మరి అన్నిటికీ 18 ఎందుకు వేస్తారు? ప్రతిసారీ మోసం అనుకోనక్కరలేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినరోజు ఎవరో అన్ని వస్తువులకూ 18 అని నింపి వెళ్లిపోతారు, తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. పన్ను పేరుతో ఎక్కువ వసూలు చేసినా ఆ మొత్తాన్ని ప్రభుత్వానికే కట్టాలని చట్టం చెబుతోంది. అంటే నిజాయితీగా లెక్క చూపే వ్యాపారికి ఇందులో పైసా మిగలదు, నష్టం మీకే. కోడ్ పేరు చెప్పి అడిగితే చాలామంది అక్కడే సరిచేస్తారు.

దీనికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. పెట్టె మీద ఎంఆర్‌పీ ముద్రించి ఉంటే అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద ‘ప్లస్ జీఎస్టీ’ అనడానికి వీల్లేదు. వీల్‌చెయిర్ ఎంఆర్‌పీ 8,400 రూపాయలు అనుకోండి: అసలు ధర 8,000, పన్ను 400, అది అప్పటికే లోపల ఉంది. పన్ను మొత్తం తీసేసినా మీకు తగ్గేది ఆ 400 మాత్రమే. ఎంఆర్‌పీ మీద వ్యాపారి ఇవ్వగలిగే తగ్గింపు తరచుగా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, ముఖ్యంగా వినికిడి యంత్రాల్లో. పన్ను సరిచేయించుకోండి, కానీ బేరం ధర మీద ఆడండి. వినికిడి యంత్రానికి పన్ను లేదన్న సంతోషం కూడా ఎక్కువ రోజులు ఉండదు: మారుస్తూ ఉండాల్సిన బ్యాటరీలకు 18 శాతం, మరమ్మతు చేయిస్తే ఆ సేవకూ 18 శాతం.

దివ్యాంగుల పరికరాలకు ఈ 5 శాతం మాత్రం ఎందుకని 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడే దివ్యాంగుల సంఘాలు గట్టిగా అడిగాయి. పన్ను పూర్తిగా తీసేస్తే తయారీదారులు ముడిసరుకు మీద కట్టిన పన్నును తిరిగి పొందలేరని, ఆ భారం ధరలో కలిసి దిగుమతి సరుకు ముందు మన సరుకు నిలవదని ప్రభుత్వం జవాబిచ్చింది. లెక్క ప్రకారం అది నిజమే. ఆ లాభం కొనేవాడి దాకా దిగుతోందా అన్నది వేరే సంగతి.

2025 సెప్టెంబరు 22 నుంచి చాలా రేట్లు మారాయి కాబట్టి పాత బిల్లులతో పోల్చకండి. థర్మామీటర్ 18 నుంచి 5కు, షుగర్ పరీక్ష యంత్రం, దాని స్ట్రిప్పులు, చూపు కోసం పెట్టుకునే కళ్లద్దాలు 12 నుంచి 5కు దిగాయి. హైదరాబాద్‌లోనో నాగ్‌పూర్‌లోనో కొంటే పన్ను తక్కువన్న మాట కూడా నమ్మకండి. రేటు దేశమంతా ఒకటే. ఇక్కడి బిల్లులో కేంద్రం వాటా రెండున్నర, రాష్ట్రం వాటా రెండున్నరగా రెండు వరుసల్లో కనిపించేది, పక్క రాష్ట్రం నుంచి సరుకు ఇంటికి తెప్పించుకుంటే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ) పేరుతో ఒకే వరుసలో కనిపిస్తుంది.

బిల్లు మీద దుకాణం జీఎస్టీ నంబరు చూడండి. తెలంగాణదైతే 36తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. ఆ దుకాణం కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం తామే కట్టే పద్ధతి) ఉన్నట్టు కనిపిస్తే మీ దగ్గర పన్ను పేరుతో రూపాయి కూడా విడిగా తీసుకోకూడదు. అడిగినా సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

అమ్మగారి ధ్రువపత్రం పనికొచ్చేది దుకాణంలో కాదు, దివ్యాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం ఏడీఐపీ శిబిరంలో. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో, ఆదాయ పరిమితికి లోబడి, వీల్‌చెయిర్, వినికిడి యంత్రం వంటివి అక్కడ ఉచితంగా ఇస్తుంది. అమ్మగారికి 60 దాటి ఉంటే వృద్ధుల కోసం ఉన్న రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించీ అడగండి. శిబిరం ఎప్పుడన్నది కలెక్టరేట్‌లోని దివ్యాంగుల సంక్షేమ శాఖ వారికి తెలుస్తుంది. మంచం కొనక తప్పదు గానీ, మిగతా రెండింటికీ డబ్బు కట్టేముందు అక్కడికి వెళ్లి రండి.