ఊరు ఎవరి కింద ఉండేదో ముందు చూడు

చి.ల.సౌ. అమ్మలుకి,

బరంపురం నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు. మీ అత్తవారి వంశం వివరాలు ఒక పుస్తకంలా రాసి పెట్టాలనుకుంటున్నావనీ, పర్లాకిమిడి చుట్టుపక్కల పాత కాగితాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమనీ అడిగావు. సంతోషం. నా ఉద్యోగమంతా ప్లీడరు గుమాస్తాగానే గడిచింది. కాబట్టి రికార్డు రూము వరండాల్లో నిలబడి నేర్చుకున్నదే రాస్తున్నాను. చరిత్ర చదువుకున్నవాళ్ళు ఇంకోలా చెప్తారేమో, వాళ్ళనీ అడుగు.

నువ్వు పంపిన కాగితం మీద తాతముత్తాతల పేర్లు వరసగా ఉన్నాయి. అవి ఉండాల్సిందే. అయితే ఏ కచేరీలోనూ తాత పేరు చెప్తే కాగితం తీసి ఇవ్వరు. ఊరు, సంవత్సరం, ఏ రకం కాగితం అన్న మూడూ చెప్తేనే రికార్డు కీపరు కుర్చీలోంచి లేస్తాడు. ప్రభుత్వ కాగితం భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ భూమి ఏ ఏడు ఏ కచేరీ కింద ఉంటే ఆ ఏడు కాగితం అక్కడి బీరువాలో ఉంటుంది. మన సరిహద్దులో వచ్చిన తంటా ఏమిటంటే ఊళ్ళు కదలకపోయినా కచేరీలు మారిపోయాయి.

1936 మార్చి 31 దాకా పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం అన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాయే. జిల్లా కచేరీ చత్రపురంలో. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి ఎస్టేటును చీల్చి కొంత ఇటు ఒరిస్సాకిచ్చారు, పాతపట్నం వైపుది మద్రాసులోనే ఉంచారు. టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా విడిగా వచ్చింది. ఇటువైపు 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి జిల్లా, కోరాపుట్ నుంచి రాయగడ, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు పుట్టాయి. మొన్న 2022 ఏప్రిల్‌లో భామిని, సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళాయి.

అంటే టెక్కలి దగ్గరి ఊరిలో 1930 నాటి సంగతి కావాలంటే గంజాం జిల్లా రికార్డు, 1940 నాటిదైతే విశాఖ, 1955 నాటిదైతే శ్రీకాకుళం. జిల్లా మారినప్పుడు కట్టలన్నీ కొత్త కచేరీకి బదిలీ అయ్యాయనుకోకు. కొన్ని వెళ్ళాయి, కొన్ని ఉన్నచోటే ఉండిపోయాయి. మీ అత్తగారు చెప్పిన నాలుగు ఊళ్ళకూ నాలుగు కాగితాలు తీసుకుని, ఒక్కో ఊరు ఏ ఏడు ఏ ఎస్టేటులో, ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో ముందు రాసుకో. ఆ పని అవకుండా బస్సెక్కావంటే, ఇక్కడివాళ్ళు అక్కడికి పొమ్మంటారు, అక్కడివాళ్ళు ఇక్కడికి పొమ్మంటారు.

ఇక మొదట వెళ్ళాల్సింది సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి. అందరూ తహసీలు ఆఫీసుకి పరిగెడతారుగానీ వంశం సంగతులు దస్తావేజుల్లోనే ఎక్కువ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పత్రంలోని మనిషిని ఊరు, వృత్తి, తండ్రి పేరుతో సహా గుర్తించాలి. మామూలుగా ఫలానా ఆమె కొడుకని తల్లి పేరుతో చెప్పుకునేవాళ్ళకు తల్లి పేరు. కాబట్టి ఒక్క క్రయపత్రం దొరికితే రెండు తరాలు దొరికినట్టే. భాగపత్రం దొరికితే ఇక చెప్పేదేముంది! అన్నదమ్ములు, చనిపోయిన అన్న కొడుకులు, మనోవర్తి రాసిన వితంతువు, అందరూ ఒకే చోట కనిపిస్తారు. సాక్షుల పేర్లూ వదలకు. సాక్షి సంతకం పెట్టినవాడు చాలాసార్లు బావమరిదో మేనమామో అయి ఉంటాడు. హద్దుల్లో ‘తూర్పున ఫలానావారి భూమి’ అని ఉంటే ఆ ఫలానావారు దాయాదులేమో చూడు.

అక్కడ పుస్తకాలు నంబర్లతో ఉంటాయి. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి పత్రాలు ఉంటాయి. దాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండో ఇండెక్సు ఊరి మీద నడుస్తాయి. నువ్వు రెండోదే ముందు అడుగు, ఎందుకంటే పేరు ఎలా రాశారో నీకు తెలీదు, ఊరు తెలుసు. ఇప్పటి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్టు) కంప్యూటరులో వచ్చేస్తుంది గానీ అది పాత ఏళ్ళ దాకా వెళ్ళదు. పాత ఏళ్ళకు చేత్తో వెతికించాలి, ఏడుకింత అని వెతుకు రుసుము కట్టాలి. అందుకే ‘1900 నుంచి 1950 దాకా’ అని రాయకు. ఒక పెళ్ళో, ఒక చావో, ఒక పంపకమో ఏ ఏడు జరిగిందో ఇంట్లో అడిగి, అటూ ఇటూ మూడేసి ఏళ్ళు వెతికించు.

మూడో పుస్తకం సంగతి విడిగా చెప్పాలి. వీలునామాలు, దత్తత చేసుకోవడానికి భర్త భార్యకిచ్చే అధికార పత్రాలు అందులో ఎక్కుతాయి. రాసిన మనిషి బతికున్నంతకాలం వాటి నకలు అతనికో అతని ఏజెంటుకో తప్ప ఇవ్వరు. పోయాక ఎవరడిగినా ఇస్తారు. మీ అత్తవారి కాగితాల్లో ఒక తరం దగ్గర ఇంటిపేరు మారిందని రాశావు చూడు, నాకు అక్కడ దత్తత వాసన కొడుతోంది. మూడో పుస్తకం తప్పకుండా వెతికించు. దత్తత వెళ్ళినవాడి కన్నతండ్రి ఇంటిపేరు, గోత్రం అక్కడ తేలొచ్చు. ముసలివాళ్ళు ఇలాంటివి నోటితో చెప్పరమ్మా, పెళ్ళి సంబంధాల దగ్గర ఇబ్బందని దాచేస్తారు.

నాలుగో పుస్తకంలో మిగతావన్నీ ఉంటాయి, ముక్తారునామాలతో (పవర్ ఆఫ్ అటార్నీలతో) సహా. దాని నకలు పార్టీలకూ వాళ్ళ హక్కుదారులకూ మాత్రమే. కాబట్టి ఆ దరఖాస్తు మీద నీ సంతకం కాకుండా అల్లుడిగారి సంతకం పెట్టించు. చిన్నతాత రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి తిరిగి రాలేదన్నారు కదా. గోపాలపురం రేవు నుంచి ఓడెక్కి రంగం వెళ్ళినవాళ్ళు మన జిల్లాలో వీధికొకరు. వెళ్ళేవాడు వెళ్ళేముందు భూమి సంగతి చూడమని ఎవరికో ముక్తారు రాసి ఉండొచ్చు. అది నాలుగో పుస్తకంలో ఉంటుంది.

దావాల సంగతి నా సొంత ఇలాకా, కొంచెం ఎక్కువ చెప్తాను. వాటాల దావా వేసిన ప్రతి కుటుంబానికీ ప్లెయింటులో (దావా అర్జీలో) వంశావళి ఉంటుంది, గీతలు గీసి మరీ. ఎదుటిపక్షం దాన్ని కాదంటే ఇంకో వంశావళి దాఖలు చేస్తుంది. రెండూ చూసి జడ్జిగారు తేల్చిన మాట తీర్పులో ఉంటుంది. దావా కట్టలోని వాదపత్రాలు, అర్జీలు కాలపరిమితి దాటాక నాశనం చేస్తారు. తీర్పు, డిక్రీ మాత్రం ఎక్కువ కాలం ఉంచుతారు. కాబట్టి కట్ట లేదన్నారని తిరిగి వచ్చేయకు, తీర్పు నకలు ఇమ్మని అడుగు. అప్పీలుకు వెళ్ళిన కేసైతే మళ్ళీ ఏడు చూసుకోవాలి. ఇటు ఒరిస్సావైపు ఊళ్ళకు 1936కి ముందు మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత పట్నా హైకోర్టు, 1948 జులై 26 నుంచి కటకంలోని ఒరిస్సా హైకోర్టు. పట్నా ఏమిటని ఆశ్చర్యపోకు. లా చదివిన ప్రతివాడూ బట్టీపట్టే పాకాల నారాయణస్వామి కేసు బరంపురంలో మొదలై పట్నా మీదుగానే 1939లో ప్రివీ కౌన్సిలుకు వెళ్ళింది.

మీ అత్తవారికి ఇనాం భూమి ఉండేదని విన్నాను. నిజమైతే అదృష్టం. 1860ల ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి ప్రతి ఇనామునూ విచారించింది. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పుడు అనుభవిస్తున్నవాడి పేరు, వయసు, మొదటివాడికి ఏమవుతాడు అన్నవన్నీ గడులు గీసి రాశారు. 1860లో యాభై ఏళ్ళున్నవాడి తాత అంటే పద్దెనిమిదో శతాబ్దం దాకా వెళ్ళిపోయావన్నమాట. ఇంట్లో పాత పట్టా మీద టి.డి. (టైటిల్ డీడ్) అని ఒక నంబరు ఉందేమో చూడు, అదే దానికి తాళంచెవి. కలెక్టరేటు రికార్డు రూములో అడుగు. లేకపోతే మద్రాసు ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, మద్రాసు రాజధాని నాటి జిల్లా రికార్డులకు అదే పెద్ద గని. ఇటువైపు భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్. రెండుచోట్లా ముందుగా అనుమతి కోసం రాయాలి.

ఆ కాగితాల్లో ఏడు చూసి కంగారుపడకు. ఫసలీ 1345 అని ఉంటే 590 కలుపు, 1935 జులై నుంచి 1936 జూన్ దాకా అన్నమాట. ఒడియా జమీందారీల కాగితాల్లో ఒక్కోసారి గజపతి రాజుల పాలన ఏళ్ళ లెక్కైన అంక వేస్తారు. అది ఇంకా చిత్రం. ఒకటితో మొదలవదు, ఆరుతోనూ సున్నాతోనూ ముగిసే అంకెల్ని దాటేస్తారు, పదిని మాత్రం లెక్కిస్తారు. అలా పదిహేడో అంక అంటే నిజానికి పాలనలో పద్నాలుగో ఏడు.

తహసీలు సంగతి. ఎస్టేట్లు రద్దయ్యాక ఇటువైపు జరిగిన సర్వేల్లో ఖతియాన్లన్నీ (భూమి హక్కుల రికార్డులు) ఒడియాలో తయారయ్యాయి. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఊరు ఎంచుకుని ఖాతా నంబరుతోనో, ప్లాటు నంబరుతోనో, రైతు పేరుతోనో చూడొచ్చు. పేరుతో వెతికితే మాత్రం ఇంటిపేరు వదిలెయ్యి. మనవాళ్ళ ఇంటిపేరు ఒడియా గుమాస్తా చేతిలో ఒక్కోసారి చివరికి వెళ్ళింది, ఒక్కోసారి పూర్తిగా ఎగిరిపోయింది. ‘అప్పారావు, తండ్రి సూర్యనారాయణ’ అన్న జంటను వెతుకు. అక్కడ కనిపించేది ఇప్పటి హక్కు మాత్రమే. పాతది కావాలంటే మ్యుటేషన్ (హక్కుదారు పేరు మార్పు) కేసు కట్ట అడుగు, వారసుల జాబితా అందులో ఉంటుంది. అటు ఆంధ్రావైపు ఊళ్ళకైతే డైగ్లాటు (రెండు భాషల భూమి రిజిస్టరు), ఫెయిర్ అడంగలు అడగాలి. వాటిలో తెలుగు ఉంటుంది, నీకు సులువు.

జననమరణాలకు పెద్దగా ఆశపెట్టుకోకు. మద్రాసులో 1899 నుంచే చట్టం ఉంది, ఊళ్ళో మునసబు రాసేవాడు, కానీ రిజిస్టర్లన్నీ మిగల్లేదు. మిగిలినవాటిలోనూ బిడ్డ పేరు ఉండదు, ‘మగబిడ్డ’ అని రాసి తండ్రి పేరు వేస్తారు. తండ్రి పేరు, తేదీ పట్టుకుని చూడాలి. ఇప్పటి చట్టం 1969 నాటిది, రుసుము కడితే ఎవరైనా వెతికించుకోవచ్చు. మరణం నకలులో కారణం మాత్రం రాయరు. జనాభా లెక్కల ఫారాల కోసం తిరగకు, 1948 చట్టం ప్రకారం అవి ఎవరికీ చూపించరు. బడి అడ్మిషన్ రిజిస్టరు మాత్రం మంచి ఆధారం, ఊరి పాత ఎలిమెంటరీ బడికి తప్పక వెళ్ళు.

దరఖాస్తులు ఒడిశాలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఇయ్యి, తెలుగు అర్జీ పక్కన పెట్టేస్తారు. కోర్టు ఫీజు స్టాంపు అంటించి, రసీదు నంబరు రాసుకో. ‘లేదు’ అన్నారంటే ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మను. రాయమనగానే ఇంకోసారి వెతికే గుమాస్తాలు ఉన్నారు. సమాచార హక్కు దరఖాస్తు చివర్లోనే వాడు, మొదటే వాడితే మొహాలు మాడతాయి. ఇక్కడ దానికి ఫారం ‘ఎ’ నింపాలి, పది రూపాయలు రుసుము. మార్చి నెలాఖరులో, జూన్‌లో రజ పండగ రోజుల్లో రావద్దు, పని జరగదు.

ముందు ఆ పాత పట్టా ఫోటో రెండువైపులా తీసి నాకు పంపు. ఎస్టేటు పేరు, టి.డి. నంబరు చదివి చెప్తాను. అప్పుడు చత్రపురం వెళ్ళాలో పర్లాకిమిడి వెళ్ళాలో తేల్చుకుందాం. పర్లాకిమిడి అయితే అక్కడ పాత తెలుగు గొలుసుకట్టు చదవగల దస్తావేజు లేఖరి ఒకాయన నాకు తెలుసు, కబురు పెడతాను.

మీ పెదనాన్న