వర్క్‌షాప్ సందేహాలు: గేర్ లీవర్ ఎటుందో కంట్రోలర్‌కు ఎవరు చెప్పాలి?

ప్రశ్న: సార్, బ్రిడ్జిపోర్ట్ తరహా పాత టరెట్ మిల్లింగ్ మెషిన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బాల్ స్క్రూలు, సర్వో మోటార్లు వేసి లినక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌తో నడుపుతున్నాను. స్పిండిల్‌కు (కట్టర్‌ను తిప్పే ఇరుసుకు) 3 హెచ్‌పీ, 1430 ఆర్‌పీఎం మోటారు, దానికి వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీతో మోటారు వేగం మార్చే డ్రైవ్) పెట్టాను. బెల్టు ఒకే మెట్టు మీద ఉంచేశాను. హైలో (బ్యాక్ గేర్ వేయకుండా) 50 హెర్ట్జ్ దగ్గర స్పిండిల్ 1400 తిరుగుతోంది. ప్రోగ్రామ్‌లో ఎస్1000 అని వేగం ఇస్తే 1000 సరిగ్గా వస్తోంది. బ్యాక్ గేర్ (వేగం తగ్గించి బలం పెంచే లో రేంజ్) వేసి ఎస్1000 ఇస్తే మాత్రం 120 వస్తోంది, పైగా ఎం3 (సవ్యదిశలో తిప్పమనే కోడ్) కొడితే ఉల్టా తిరుగుతోంది. మొన్న ఎం12 ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) విరిగి జాబ్ పాడైంది. సరే, బ్యాక్ గేర్ జోలికి పోకుండా హైలోనే 150 పెట్టి 20 ఎంఎం డ్రిల్ వేద్దామంటే మోటారు ఆగిపోతోంది, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. ఈ రెండు రేంజ్‌ల సంగతి కంట్రోలర్‌కు ఎలా చెప్పాలి?
— ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: ముందు మీ ట్యాప్ సంగతి చూద్దాం. మీరు ఎస్200 ఇచ్చి ఉంటారనుకుందాం. ఎం12 పిచ్ (చుట్టుకు మర దిగే దూరం) 1.75 ఎంఎం, కాబట్టి జెడ్ ఫీడ్, అంటే కిందికి దిగే వేగం, నిమిషానికి 350 ఎంఎం. బ్యాక్ గేర్‌లో స్పిండిల్ నిజంగా తిరిగింది 24. అంటే ఒక్కో చుట్టుకు జెడ్ పధ్నాలుగున్నర ఎంఎం కిందికి దిగింది, అదీ ట్యాప్ వెనక్కి తిరుగుతుండగా. ఏ హోల్డర్ పెట్టినా ఆ ట్యాప్ బతకదు. తప్పు ట్యాప్‌ది కాదు, మీ చేతిదీ కాదు.

ఉల్టా తిరగడం కూడా మెషిన్‌లో లోపం కాదు. ఈ తరహా హెడ్‌లో బ్యాక్ గేర్ వేస్తే దిశ మారుతుంది, దాని నిర్మాణమే అంత. అందుకే పాత బ్రిడ్జిపోర్ట్‌ల డ్రమ్ స్విచ్ మీద ఒక వైపు హై, మరో వైపు లో అని రాసి ఉండేది. ఆపరేటర్ గేర్ మార్చినప్పుడు స్విచ్ కూడా అటు తిప్పేవాడు. మనం రెట్రోఫిట్ (పాత మెషిన్‌కు కొత్త కంట్రోల్ బిగించడం) పేరుతో ఆ స్విచ్ పీకేశాం, అది చేసిన పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

రేషియో కూడా ఆ హెడ్ ప్లేట్ మీదే ఉంటుంది. బ్రిడ్జిపోర్ట్ జె హెడ్ అనే మోడల్ మీద లోలో 80, 135, 210, 325. హైలో 660, 1115, 1750, 2720. ఏ జత తీసుకుని భాగించినా ఎనిమిదింపావుకు అటూ ఇటూ వస్తుంది. మీ 1000కి 120 కూడా అదే, 8.33. కంట్రోలర్‌కు చెప్పాల్సిన మొదటి అంకె ఇదే.

లినక్స్‌సీఎన్‌సీలో సరిగ్గా ఈ పని కోసమే గేర్‌ఛేంజ్ అనే కాంపోనెంట్ ఉంది. అది మొదటి గేర్‌ను ఒకటిగా లెక్కించి, రెండోది దానికి ఎన్ని రెట్లు వేగమో అడుగుతుంది. కాబట్టి లోను మొదటి గేర్‌గా, హైని రెండోదిగా పెట్టుకోండి. స్కేల్2 అనే సెట్టింగ్‌కు 8.33 ఇవ్వండి. లోలో ఎం3 కొడితే స్పిండిల్ సవ్యంగా తిరిగేలా మోటారు ఫేజ్‌లు మార్చండి. తరవాత రివర్స్ అనే సెట్టింగ్‌ను 1 చేస్తే హైలో దిశను అదే సరిచేస్తుంది. లో గేర్‌కు కనిష్ఠం 60, గరిష్ఠం 325. హైకి కనిష్ఠం 350, గరిష్ఠం 2700 పెట్టండి. అవుట్‌పుట్ స్కేల్ లో గేర్ ప్రకారం ఉండాలి, అంటే లోలో ఎస్325కి 10 వోల్టులు వెళ్లాలి.

325 దాటవద్దని ఎందుకంటున్నానంటే, లోలో స్పిండిల్ 325 తిరిగేటప్పుడు పుల్లీ 2700 తిరుగుతుంది. ఆ హెడ్ ప్లేట్ ఒప్పుకున్న హద్దు దాదాపు అదే. మీ బెల్టు మెట్టు మీద దానికి డ్రైవ్ 97 హెర్ట్జ్ ఇవ్వాలి. అంత వేగం మోటారు బేరింగులకు సమ్మతమేనా అని తయారీదారును ఒకసారి అడగండి. డ్రైవ్‌లో గరిష్ఠ ఫ్రీక్వెన్సీని మాత్రమే 97 చెయ్యండి. బేస్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గరే ఉండాలి. చాలామంది రెండూ కలిపి మార్చేస్తారు, ఆ తరవాత 50 దగ్గర కూడా మోటారులో సత్తా ఉండదు, డ్రైవ్ పాడైందని నాకు ఫోన్ చేస్తారు.

ఇప్పుడు డ్రిల్. 2.2 కిలోవాట్ల మోటారు 1430 దగ్గర ఇచ్చే టార్క్ సుమారు 15 న్యూటన్ మీటర్లు. హైలో 150 అంటే డ్రైవ్ ఇస్తున్నది ఐదున్నర హెర్ట్జ్. అక్కడ టార్క్ 15కి మించి రాదు, మోటారు వెనక ఫ్యాన్ కూడా అదే షాఫ్ట్ మీద మెల్లగా తిరుగుతూ గాలి వేయదు. 20 ఎంఎం డ్రిల్ చుట్టుకు పావు ఎంఎం చొప్పున మైల్డ్ స్టీల్‌లో దిగాలంటే నా లెక్కలో 27 దాకా కావాలి. ఆగిపోక ఏం చేస్తుంది? అదే పనిని లోలో 300 దగ్గర చేస్తే డ్రైవ్ 89 హెర్ట్జ్‌లో ఉంటుంది. మోటారు టార్క్ ఎనిమిదికి పడిపోయినా గేర్ దాన్ని 8.33 రెట్లు చేస్తుంది. నష్టాలు పోను 60కి పైగానే మిగులుతుంది, ఫ్యాన్ కూడా జోరుగా తిరుగుతుంది. వీఎఫ్‌డీ వచ్చాక గేర్లెందుకని అడిగేవాళ్లకు నేను ఈ లెక్కే కాగితం మీద వేసి చూపిస్తాను. హైలో 350 నుంచి 600 దాకా తేలికపాటి కట్‌లే తీసుకోండి. అక్కడే ఎక్కువసేపు పని ఉంటే మోటారుకు విడిగా ఒక ఫ్యాన్ బిగించండి.

ఇక లీవర్. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

చాలా ఏళ్ల కిందట బాలానగర్‌లో ఒక షెడ్‌లో నేనే ఇలాంటి మెషిన్ కట్టి ఇచ్చాను. గేర్ ఏదో చెప్పడానికి ప్రోగ్రామ్‌లో లోకి ఎం41, హైకి ఎం42 అనే కోడ్‌లు పెట్టాను. కుర్రాడు ఎం41 ఉన్న ప్రోగ్రామ్ వేశాడు, లీవర్ మాత్రం హైలోనే ఉండిపోయింది. గేర్ లోలో ఉందనుకుని కంట్రోలర్ ఎస్200కి తగిన వోల్టేజీ పంపింది. 200 తిరగాల్సిన స్పిండిల్ 1,660 అందుకుంది. దానికి ఉన్నది 150 ఎంఎం ఫ్లై కట్టర్ (ఒకే బిట్ బిగించి తిప్పే పెద్ద కట్టర్). బిట్ ఊడి ఎదురుగా ఉన్న గోడకు తగిలింది. ఆ కుర్రాడు అప్పుడే టీ గ్లాసు అందుకోవడానికి పక్కకు వంగాడు. ఆ రోజు నుంచి లీవర్ మీద సెన్సర్లు లేకుండా ఏ మెషిన్‌నూ నేను అప్పగించలేదు.

ప్రోగ్రామ్‌లో ఎం41 అనేది అడగడమే. లీవర్ నిజంగా ఎక్కడుందో సెన్సర్ చెప్పాలి. లో చివర ఒకటి, హై చివర ఒకటి, రెండు ప్రాక్సిమిటీ సెన్సర్లు (తాకకుండానే లోహాన్ని గుర్తించేవి) పెట్టండి. ఒక్కటి చాలదు, ఎందుకంటే లీవర్ మధ్యలో ఆగితే అది అబద్ధం చెబుతుంది. రెండింటిలో కచ్చితంగా ఒక్కటే వెలిగినప్పుడే డ్రైవ్‌కు రన్ అనుమతి వెళ్లాలి. రెండూ ఆరినా, రెండూ వెలిగినా స్పిండిల్ కదలకూడదు. ఈ అనుమతిని సాఫ్ట్‌వేర్‌తో పాటు రిలే ద్వారా డ్రైవ్ ఎనేబుల్ టెర్మినల్‌కు కూడా తీసుకెళ్లండి. గేర్‌ఛేంజ్‌లో గేర్ ఏదో చెప్పే సెల్ పిన్‌కు హై సెన్సర్‌ను కలపండి. స్పిండిల్ పూర్తిగా ఆగాకే లీవర్ మార్చాలి. పళ్లు కలవకపోతే స్పిండిల్‌ను చేత్తో కాస్త తిప్పితే పడుతుంది.

ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచి చెప్పే పరికరం) పెట్టే ఆలోచన ఉంటే మోటారు మీద గానీ పుల్లీ మీద గానీ వద్దు. లీవర్ ఎటున్నా స్పిండిల్‌తో సమానంగా తిరిగే భాగానికే టైమింగ్ బెల్టుతో కలపండి. అప్పుడే జి33.1 కోడ్‌తో రిజిడ్ ట్యాపింగ్ (స్పిండిల్ తిరుగుడుకు జెడ్‌ను జతచేసి మర కోయడం) నమ్మకంగా చేయగలరు. అప్పటిదాకా చక్‌కు రిఫ్లెక్టర్ టేపు ముక్క అంటించి, టాకోమీటర్‌తో రెండు గేర్లలోనూ ఎస్ 100, 300, 500, 1500 చూడండి. లోలో 500 అడిగితే 325 దగ్గరే ఆగాలి. హైలో 100 అడిగితే 350 తిరుగుతుంది, భయపడకండి, కనిష్ఠం అదే కదా. కానీ అలా తిరిగేటప్పుడు కట్టర్ జాబ్‌లోకి దిగకూడదు. అందుకే మొదట గాలిలో నడపండి.

ప్రశ్న: మా రెట్రోఫిట్‌కు ఫానక్ 0ఐ కంట్రోలర్, వోల్టేజీతో వేగం చెప్పే అనలాగ్ స్పిండిల్. రెండో గేర్‌లో వేగం సరిగ్గానే ఉంది. మొదటి గేర్‌లో ఎస్400 ఇస్తే 300 వస్తోంది. నేమ్‌ప్లేట్ చూసి, మొదటి గేర్ గరిష్ఠ వేగం పెట్టే పారామీటర్ 3741లో 800 వేశాం. డ్రైవ్ మార్చాలా?
— ఒక పాఠకురాలు, విజయవాడ ఆటోనగర్

జవాబు: డ్రైవ్ మార్చకండమ్మా, డబ్బు దండగ. రెండో గేర్ బాగుందంటే డ్రైవ్ బాగున్నట్టే. 3741లో ఉండాల్సింది నేమ్‌ప్లేట్ అంకె కాదు, ఆ గేర్‌లో 10 వోల్టులకు స్పిండిల్ నిజంగా తిరిగే వేగం. మీరు 800 అన్నారు కాబట్టి 400కి కంట్రోలర్ 5 వోల్టులు పంపింది, దానికి 300 వచ్చింది. అంటే 10 వోల్టులకు 600. ఓవర్‌రైడ్ (వేగాన్ని శాతాల్లో పెంచి తగ్గించే నాబ్) 100 శాతం దగ్గర ఉంచి, టాకోమీటర్‌తో ఒకసారి సరిచూసుకుని 3741లో 600 వేయండి. రెండో గేర్‌కు చెందిన 3742ని ముట్టుకోవద్దు. మీ మెషిన్ ఎస్‌ను బట్టి తనే గేర్ మార్చుకునే రకమైతే, ఇకనుంచి 600 దాటగానే రెండో గేర్ అడుగుతుంది. ఇంతకుముందు 700 దగ్గర మొదటి గేర్‌లో నడిచిన ప్రోగ్రామ్‌లు ఉంటే వాటిని ముందే తీసి చూసుకోండి.