వాకింగ్‌కు ముందు కాఫీ తాగితే కొలెస్ట్రాల్ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 42. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 78 కిలోలు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 210 వచ్చాయి. రోజుకు మూడుసార్లు ఫిల్టర్ కాఫీ తాగుతాను. వాకింగ్‌కు ముందు బ్లాక్ కాఫీ తాగితే కొలెస్ట్రాల్ కరిగిపోతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కరగదండీ. నడకకు ముప్పావుగంట ముందు తాగిన కాఫీలోని కెఫీన్ వల్ల ఆయాసం తక్కువనిపిస్తుంది, నడిచేటప్పుడు కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. అంతవరకే. గుండెదడ, బీపీ ఉంటే అదీ వద్దు.

ఎల్‌డీఎల్ విషయంలో కాఫీ ఎలా కాచారన్నదే అసలు సంగతి. కాఫీ గింజలోని నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌ను పిత్త ఆమ్లాలుగా మార్చి వదిలించుకునే పనిని అది మందగింపజేస్తుంది, దాంతో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. కాగితపు ఫిల్టర్ ఈ నూనెను పట్టేస్తుంది, మన స్టీలు ఫిల్టర్ అంతగా పట్టలేదు. పొడిని నీళ్లలో మరిగించి వడగడితే మరీ ఎక్కువ దిగుతుంది. డీకాఫ్‌లో తీసేసేది కెఫీన్‌ను కాబట్టి దానికి మారినా లాభం లేదు. డికాషన్‌లో కొంచెం వేణ్నీళ్లు కలిపి, తడిపిన ఫిల్టర్ పేపర్ మీద నెమ్మదిగా పోయండి. చిక్కగా పోస్తే పేపర్ మూసుకుపోయి దిగదు. ఇంత ఓపిక లేకపోతే ఇన్‌స్టంట్ కాఫీ మేలు, అందులో కెఫెస్టాల్ చాలా తక్కువ.

మీ కప్పులో వంద మిల్లీలీటర్ల ఫుల్‌క్రీమ్ పాలు, రెండు చెంచాల పంచదార పడుతుంటే మూడు కప్పులకు 18 గ్రాముల కొవ్వు, 30 గ్రాముల పంచదార, సుమారు 380 క్యాలరీలు. మీ బరువుకు ముప్పావుగంట వడినడకలో ఖర్చయ్యేవి 250 దాకా. నడుస్తున్నా బరువు తగ్గలేదని వాపోయేవాళ్లలో చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. టోన్డ్ పాలకు మారండి, పంచదార వారానికి అరచెంచా చొప్పున తగ్గిస్తూ రండి.

వ్యాయామంతో మొదట దిగివచ్చేవి ట్రైగ్లిజరైడ్లు. హెచ్‌డీఎల్ కొద్దిగా పెరుగుతుంది. ఎల్‌డీఎల్ మాత్రం నడక ఒక్కదానికే పెద్దగా లొంగదు, బరువు కూడా తగ్గాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో వారానికి అయిదు రోజులు ముప్పావుగంట చొప్పున నడవండి, రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం చేయండి. మొదట నాలుగు కిలోలు తగ్గడం లక్ష్యంగా పెట్టుకోండి. మూడు నెలలకు అదే ల్యాబ్‌లో పరగడుపున పరీక్ష చేయించండి. ఆ ఉదయం నీళ్లు తప్ప కాఫీ వద్దు. డాక్టర్ స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకండి.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) కూడా చేయించుకోండి. థైరాయిడ్ మందగిస్తే బరువూ, ఎల్‌డీఎల్ రెండూ పెరుగుతాయి. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, వేసుకున్న గంట వరకు కాఫీ ముట్టొద్దు. వెంటనే తాగితే మందు సరిగా ఒంటబట్టదు.