లీడర్ అయ్యే ముందు ఇది ఒక్కసారి చదువు తల్లీ

బంగారూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీ గేమ్‌లో కొత్త సర్వర్, అదే అందరూ మొదటినుంచి ఆడే కొత్త లోకం, తెరుస్తున్నారట, అందులో కలిసి ఆడే జట్టు, అదే అలయన్స్, నువ్వే పెడుతున్నావట, అప్పుడే 60 మంది నీ వెనకాల వస్తామన్నారట. మీ అమ్మ ఏదో గేమ్‌లే అన్నట్టు చెప్పింది, దానికేం తెలుసు, మొహాలు కూడా చూడని 60 మందిని ఒక మాట మీద నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు, అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ఆట సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి రోజుల రక్షణ ఉన్నంతసేపూ పొలాలూ గనులూ పెంచుకో, పడుకునే ముందు సైన్యాన్ని ఇంట్లో ఉంచకు, ఇద్దరు డిప్యూటీలని పెట్టుకో, మెంబర్లని తీసేసే హక్కు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. అంతే. ఇవన్నీ నాకంటే నీకే బాగా వచ్చు.

నా భయమంతా డబ్బు దగ్గర. నీ డబ్బు గురించి కాదు, అదీ చెప్తాలే, ముందు నీ కింద ఉండేవాళ్ళ డబ్బు గురించి.

నేను మొదలుపెట్టింది ట్రావియన్‌తో. 2004లో జర్మనీలో పుట్టిన గేమ్, బ్రౌజర్ తెరిస్తే చాలు, డౌన్‌లోడ్ లేదు ఏం లేదు, ఫ్రీ. అందులో గోల్డ్ అని ఉండేది, అసలు డబ్బు పెట్టి కొనుక్కునేది. ఆ గోల్డ్‌తో ప్లస్ అనే సౌకర్యం తీసుకుంటే ఇంకో బిల్డింగ్‌ని ముందే క్యూలో పెట్టుకోవచ్చు, 2 గోల్డ్ ఇస్తే కట్టేది వెంటనే పూర్తయిపోతుంది, 3 గోల్డ్ ఇస్తే ఉన్న ధాన్యాన్నీ ఇనుమునీ అక్కడికక్కడే కావలసినట్టు మార్చుకోవచ్చు. చూడ్డానికి ఎంత చిన్న బటన్లో. "మేం బలం అమ్మట్లేదు, సౌకర్యం అమ్ముతున్నాం" అంటారు ఇలాంటి గేమ్స్ చేసేవాళ్ళు, నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మా. కానీ ఆలోచించు, టైమే ఆయుధమైన ఆటలో టైమ్ అమ్మితే అమ్మింది బలమే కదా. నీ గోడ తెల్లారేసరికి లేస్తుంది, ఎదుటివాడి గోడ ఇప్పుడే లేస్తుంది, రాత్రి దాడి ఎవరి మీద పడుతుందో చెప్పాలా?

అలాగని డబ్బు పెట్టి ఆడేవాళ్ళంటే నాకు కోపం లేదు. గేమ్ చేసినవాళ్ళు బతకాలి, సర్వర్లు ఊరికే నడవవు. వేషాలు, రంగులు, జెండాలు అమ్మే గేమ్‌లో నేను సంతోషంగా కొన్నా, ఇప్పటికీ కొంటా. నెలకింత అని ముందే చెప్పి తీసుకునేది కూడా న్యాయమే. రన్‌స్కేప్ అనే గేమ్ 2001లో మొదలై, మరుసటి ఏడాదే మెంబర్‌షిప్ పెట్టింది, డబ్బు కట్టినవాళ్ళకి ఇంకా పెద్ద లోకం తెరిచింది, కట్టనివాళ్ళకి వాళ్ళ లోకం వాళ్ళకి ఉంది. కట్టాలో వద్దో అక్కడ మనమే తేల్చుకోవచ్చు. నాకు పడనిది లెక్క తెలియకుండా తీసుకునేది. ముందు డబ్బుని జెమ్స్‌గా, అంటే గేమ్ లోపల మాత్రమే చెల్లే నాణేలుగా, మార్పిస్తారు, వస్తువు ఖరీదుకీ ప్యాక్‌లో వచ్చే జెమ్స్‌కీ ఎప్పుడూ పొంతన ఉండదు, కొన్ని మిగిలిపోతాయి, మిగిలినవి వేస్ట్ చేయడం ఇష్టంలేక ఇంకో ప్యాక్. జెమ్స్‌తో కొనేవాటి పక్కన అసలు డబ్బులో ధర కూడా చూపించాలని 2025 మార్చిలో యూరప్ వినియోగదారుల అధికారులు చెప్పాల్సొచ్చిందంటే చూడు, ఎన్నేళ్ళు నడిచిందో ఇది. లోపల ఏముందో తెలియని పెట్టెలు అమ్మడం జూదమేనని 2018లోనే బెల్జియం తేల్చేసింది. ఇక మొదటి ప్యాక్ అంత చవగ్గా ఎందుకిస్తారో తెలుసా, ఒక్కసారి కార్డు నంబర్ కొట్టిస్తే చాలు, రెండోసారి మన వేలు వణకదు.

ఇదంతా నీకు కొత్త కాదని తెలుసు. కొత్తది ఇప్పుడు చెప్తున్నా, మీ అమ్మకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

పదేళ్ళ పైమాటే. అప్పుడు వేరే గేమ్ ఆడేదాన్ని, పేరెందుకులే. అందులో అలయన్స్‌లో నాది రెండో స్థానం, మనుషులని చూసుకునే పని నాది. ఆ గేమ్‌లో ఒక పద్ధతి ఉండేది, ఎవరైనా ఒక ప్యాక్ కొంటే అలయన్స్‌లో ప్రతివాళ్ళకీ ఒక పెట్టె వచ్చేది, చాట్ పైన బంగారు రంగు అక్షరాల్లో కొన్నవాళ్ళ పేరు వెళ్ళేది, వెంటనే అందరూ థ్యాంక్స్ థ్యాంక్స్ అని పెట్టేవాళ్ళు. మాకు పక్క అలయన్స్‌తో యుద్ధం నడుస్తోంది, ఓడిపోతున్నాం. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ప్రతి ఆదివారం రాత్రి చాట్‌లో ఒక లిస్ట్ పెట్టడం మొదలుపెట్టా, "ఈ వారం మన దాతలు" అని, ఎవరు ఎన్ని ప్యాక్‌లు ఇచ్చారో వరసగా. కొననివాళ్ళని ఒక్క మాట అనలేదు నేను. పేర్లు రాయలేదంతే. మెచ్చుకుంటున్నా, ఉత్సాహం ఇస్తున్నా అనే అనుకున్నా.

మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. రాత్రి కాపలా అంతా వాడే, ఎవరి మీద దాడి వస్తున్నా ముందు వాడే చెప్పేవాడు, అక్కా అక్కా అని మెసేజ్ పెట్టేవాడు. మూడు ఆదివారాలు నా లిస్ట్‌లో వాడి పేరు లేదు. మూడోసారి అడిగాడు, "అక్కా, కాపలా కాసినవాళ్ళకి లిస్ట్ లేదా" అని. నేను నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి వేరే పనిలో పడిపోయా. తర్వాతి శుక్రవారం రాత్రి చాట్ పైన బంగారు అక్షరాలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, వాడి పేరే, లెక్కపెట్టా, 11 సార్లు. నేనేం చేశానో తెలుసా తల్లీ, "శభాష్, మా సింహం" అని రాశా. ఆదివారం వాడి పేరు లిస్ట్‌లో మొట్టమొదట పెట్టా.

తర్వాత వారం రోజులు వాడు కనబడలేదు. ఎనిమిదో రోజు వాడి అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చింది. "ఈ లిస్ట్ రాసింది ఎవరు?" అని. వాడు కాదు, వాళ్ళమ్మ. నేనే అండీ అన్నా. అది వాడి ఫీజు కోసం ఉంచిన డబ్బట, ఆవిడ కార్డు, వాడికి 15 ఏళ్ళు. కంపెనీకి రాస్తే, జెమ్స్ వాడేశారు కాబట్టి వెనక్కి ఇవ్వం అన్నారట. ఆవిడ నన్ను ఒక్క మాట తిట్టలేదు. "మీకూ పిల్లలున్నారా" అని అడిగింది, అంతే. ఆ డబ్బు నేను పంపిస్తానండీ అని రెండుసార్లు రాశా, జవాబు లేదు, తర్వాత అకౌంటే పోయింది. వాడికి 15 ఏళ్ళని నాకు తెలియదు అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నా, కానీ పరీక్షలున్నాయక్కా అని ఎన్నిసార్లు అన్నాడో వాడు, నేనెప్పుడూ ఏం పరీక్షలురా అని అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు నాకు. ఆ బంగారు అక్షరాలు, ఆ పెట్టెలు పెట్టింది కంపెనీయే, కానీ వాటితో వాడి దగ్గర అమ్మకం చేసింది నేను. జీతం లేకుండా. ఏ ప్రకటనకీ లొంగని పిల్లాడు అక్క మెచ్చుకుంటుందని కొన్నాడు. రేపు నువ్వు కూర్చోబోయేది సరిగ్గా ఆ కుర్చీలోనే, అందుకే రాత్రి నిద్ర పట్టనిది.

కాబట్టి విను, మొదటి రోజే అలయన్స్ పేజీలో రాసెయ్, ఇక్కడ ఎవరూ ఏమీ కొనక్కర్లేదు అని. ఎవరు కొన్నా చాట్‌లో మెచ్చుకోకు, ఎంత సాయమైనా సరే. పేరు కనబడకుండా గిఫ్ట్ ఇచ్చే ఆప్షన్ కొన్ని గేమ్స్‌లో ఉంటుంది, ఉంటే అందరితో అదే పెట్టించు. లిస్ట్ పెట్టాలనిపిస్తే కాపలా కాసినవాళ్ళది పెట్టు, ధాన్యం పంపినవాళ్ళది పెట్టు. స్కూల్ అనో పరీక్షలు అనో ఎవరైనా అంటే ఆగి అడుగు, వయసు చెప్పకపోయినా మాట్లాడితే తెలిసిపోతుంది. యుద్ధం ఓడిపోతారనిపిస్తే ఓడిపోండి, ఇంకో సర్వర్ తెరుస్తారు, వాళ్ళు తెరుస్తూనే ఉంటారు.

ఇక నీ సంగతి. బ్రౌజర్‌లో కార్డు సేవ్ చేసుకుని ఉంటావ్, నాకు తెలుసు, ఈ లెటర్ పక్కన పెట్టి ముందు అది తీసెయ్. పోయినేడాది ఏదో సీజన్ పాస్ మూడు నెలలు దానంతట అదే రెన్యూ అవుతుంటే చూసుకోలేదు నువ్వు, ఇంత తెలివైనదానివి, దానికి నేనెంత తిట్టానో గుర్తుందిగా, మళ్ళీ తిట్టించుకోకు. అర్ధరాత్రి దాటాక ఏదీ కొనకు, గడియారం తిరుగుతూ కనబడే ఆఫర్ అసలు కొనకు, ఆ ఆఫర్ మళ్ళీ వస్తుంది.

నీకు గుర్తుందో లేదో, ఫేస్‌బుక్‌లో పొలం పెంచుకునే ఆట ఫార్మ్‌విల్ వచ్చిన కొత్తలో నా ఒళ్ళో కూర్చుని స్ట్రాబెర్రీలు కోసేదానివి. 4 గంటలకి పండేవి, మనం పడుకుని లేచేసరికి ఎండిపోయి ఉంటే ఏడ్చేదానివి. ఎండినవాటిని డబ్బు పెట్టి బతికించమని నన్ను పీకేదానివి, నేను వద్దని మళ్ళీ విత్తనాలు వేయించేదాన్ని. 2020 డిసెంబర్ 31న, బ్రౌజర్‌లో ఆ గేమ్‌ని నడిపించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటే ఆ గేమ్ కూడా మూసేశారు, ఆ రాత్రి ఒకసారి తెరిచి చూశా, నువ్వు వంకరగా పెట్టిన కంచె అలాగే ఉంది. డబ్బు పెట్టి కొన్న చెట్టు ఒక్కటే ఒకటి ఉంది, ఏ చెట్టో ఎందుకు కొన్నానో గుర్తు రాలేదు. కంచె మాత్రం గుర్తుంది.

నీ గేమ్‌లో సిట్టర్‌ని, అదే నువ్వు లేనప్పుడు నీ అకౌంట్ చూసుకునేవాళ్ళని, పెట్టుకోనిస్తే నా పేరు పెట్టు. నాకెలాగూ రాత్రుళ్ళు నిద్ర తక్కువే, తెల్లవారుజాము కాపలా నేను చూస్తా, నువ్వు పడుకో. అలయన్స్‌లో నీ పిన్నినని ఎవరికీ చెప్పక్కర్లేదు, మూలన ఒక చిన్న ఊరు పెట్టుకుని ధాన్యం పంపుతుంటా. సర్వర్ ఎన్ని గంటలకి తెరుస్తారో మాత్రం ముందే చెప్పు.

నీ పిన్ని