పరమాణువుకు తలరాత లేదు, మరి మనకు?

ప్రశ్న: మా మెట్టపొలంలో వేరుశనగ మానేసి చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాను. అది నా తలరాతలో ఉన్నదేనని మా మామగారు అంటారు. పరమాణువులకే ముందుగా రాసిపెట్టిన దారి లేదని క్వాంటం భౌతికశాస్త్రం చెబుతున్నప్పుడు ఆ నిర్ణయం ముమ్మాటికీ నాదేనని డిగ్రీ చదివే మా అబ్బాయి వాదిస్తున్నాడు. ఎవరి మాట సరైనది?
- ఒక రైతు, పులివెందుల

జవాబు: మీ అబ్బాయి మాటలో మొదటి సగం చాలావరకు సరైనదే. రెండో సగం మాత్రం దాని నుంచి రాదు.

మీ మామగారికి శాస్త్రంలోనూ వత్తాసు పలికినవారున్నారు. ఈ క్షణాన విశ్వంలోని ప్రతి కణం స్థితినీ, దానిపై పనిచేసే బలాలనూ ఎరిగిన మేధ ఏదైనా ఉంటే, దానికి గతంలాగే భవిష్యత్తు కూడా కళ్లెదుట ఉంటుందని ఫ్రాన్సుకు చెందిన గణితవేత్త లాప్లాస్ 1814లో రాశాడు. బ్రహ్మరాత ఉన్న చోట గణితం వచ్చి కూర్చుంది, అంతే.

క్వాంటం సిద్ధాంతం రావడంతో ఆ ధీమా 1920లలో చెదిరింది. మీకు దగ్గరలోని తుమ్మలపల్లె గనిలో దొరికే యురేనియాన్నే చూడండి. యురేనియం 238 అర్ధాయువు సుమారు 447 కోట్ల సంవత్సరాలు. అంటే అంతకాలానికి దాని పరమాణువుల్లో సగం విచ్ఛిన్నమవుతాయి. ఏ తేడా లేకుండా పక్కపక్కనే ఉన్న రెండింటిలో ఒకటి ఈ మధ్యాహ్నమే విచ్ఛిన్నం కావచ్చు, రెండోది మరో వంద కోట్ల ఏళ్లు చెక్కుచెదరకపోవచ్చు. అదే ఎందుకు, ఇది ఎందుకు కాదు అంటే ప్రామాణిక క్వాంటం సిద్ధాంతం సంభావ్యతను మించి ఏమీ చెప్పదు. కనబడని కారణం ఉండవచ్చని 1952లో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్ ఆ సిద్ధాంతానికి ఒక నియతివాద రూపాన్ని, అంటే అంతా ముందే నిర్ణయమై ఉంటుందనే రూపాన్ని ప్రతిపాదించాడు, అది నేటికీ కొట్టుకుపోలేదు. అందుకే పైన 'చాలావరకు' అన్నాను.

ఇక మీ పొలానికి వద్దాం. పరమాణువుల విచ్ఛిన్నాన్ని పసిగట్టి టిక్కుమనే గీగర్ కౌంటరు ముందు కూర్చుని, ఈ నిమిషంలో అది టిక్కుమంటే చీనీ, లేకుంటే వేరుశనగ అని మీరు అనుకున్నారనుకుందాం. ఆ టిక్కు ఎవరూ ముందుగా రాసిపెట్టినది కాదు. అయినా దాని ప్రకారం నాటిన చెట్లను మీరు ఆలోచించి నాటినవని ఎవరూ అనరు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని అది లేచి నిలబడ్డ చోట బోరు వేయించడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ టిక్కు యంత్రంలో కాక మీ మెదడులోనే పుట్టిందన్నా ఫలితం అదే: తలరాత పోయి బొమ్మాబొరుసు వచ్చినట్టు.

మీరు చేసింది అది కాదు. బోరులో నీళ్లు ఏ మేరకు ఉన్నాయో, డ్రిప్పుకు ఎంతవుతుందో, కాపు వచ్చేదాకా నాలుగైదేళ్లు ఇల్లు ఎలా గడుస్తుందో లెక్క వేసుకున్నారు. నీళ్లు పడకపోయి ఉంటే పెట్టేవారు కాదు. కారణాలను బట్టి మారగలిగే ఈ గుణమే నిర్ణయాన్ని మీది చేస్తుందని నా అభిప్రాయం, పరమాణువులు నియమబద్ధంగా నడిచినా నడవకపోయినా సరే. ఏ కారణం మీకు బరువుగా తోచాలో నిర్ణయించిన పెంపకం, కరువులు, అప్పులు మీరు ఎంచుకున్నవి కావు కదా అని మీ మామగారు తప్పక అడుగుతారు. అది గట్టి ప్రశ్నే. మీ అబ్బాయి పాఠ్యపుస్తకంలో దానికి జవాబు దొరకదు.